కొంచెం జరుగక్కా

అద్దాలక్క కుడిపక్కకే ఊపిరి తీసుకుంటుంది. ఈత నేర్పిన మాస్టారు మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు. "రెండు పక్కలకీ తల తిప్పడం రావాలమ్మా. ఒక పక్కకే అలవాటు పడితే, గాలి అటునుంచి కొట్టిన రోజున నువ్వు ఈదవు, తాగుతావు" అనేవాడు. ఆవిడ బుద్ధిగా తలూపేది. తలూపి, నీళ్లలోకి దిగి, మళ్లీ కుడికే తిరిగేది. కుడిపక్క చిన్నది ఉండేది మరి.

చిన్నదంటే ఆవిడ చెల్లెలు. ఇద్దరు కూతుళ్లనీ తండ్రి పెద్దది, చిన్నది అనే పిలిచాడు. పెద్దది కళ్లజోళ్ల షాపులో పనికి చేరి వీధిలో అందరికీ అద్దాలక్క అయింది. చిన్నది సిటీ బస్సులో కండక్టరై, పెళ్లాడి, ఒక కూతుర్ని కని, బస్సంత గొంతు సంపాదించుకుని కూడా చిన్నదిగానే ఉండిపోయింది. పెద్దదానికి పెళ్లి కాలేదు. ఎవరైనా ఆ మాటెత్తితే, "రోజూ ఇంతమంది కళ్లలోకి చూస్తున్నాను, ఒక్కడూ ఆనలేదు" అనేది.

చిన్నది ఎడమపక్కకే ఊపిరి తీసుకునేది. అందుకని ఇద్దరూ పక్కపక్కన ఈదుతుంటే ప్రతి ఊపిరికీ ఒకరి మొహం ఒకరికి ఎదురయ్యేది. సగం మొహం నీళ్లలో, సగం గాలిలో. నోరు ఒక మూలకి లాగి, ఎవరో దాచిపెట్టిన గాలిని దొంగతనంగా తాగుతున్నట్టుండేది చిన్నది. తల మునగగానే మొహం పోయేది. మళ్లీ తిరిగితే మళ్లీ మొలిచేది. ఒక్కోసారి కన్ను కొట్టేది. పెద్దదానికి నవ్వొచ్చి నీళ్లు మింగేది. నోరు తెరిచి మాట్లాడే వీల్లేని చోట వాళ్లిద్దరూ చెప్పుకున్నన్ని కబుర్లు ఒడ్డు మీద ఎప్పుడూ చెప్పుకోలేదు.

కిందటి వానల్లో చిన్నది పోయింది. జలుబన్నారు, జ్వరమన్నారు, చివరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. రిజర్వాయరు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఈదేసే మనిషి పొడి పక్క మీద పడుకుని మునిగిపోయింది.

ఆఖరి సాయంత్రం ఆస్పత్రి గదిలో, మంచానికీ కిటికీకీ మధ్య ఉన్న ఇరుకులో స్టూలు వేసుకుని కూర్చుంది పెద్దది. బయట వాన. చిన్నది చాలాసేపు కళ్లు మూసుకునే ఉంది. తర్వాత కళ్లు తెరిచి అక్కని చూసింది. "కొంచెం జరుగక్కా" అంది.

పెద్దది జరిగింది. దేనికో అడ్డంగా కూర్చున్నాననుకుంది. లేచి, స్టూలు చేత్తో పట్టుకుని, మంచం చుట్టూ తిరిగి అవతలి పక్కకి వెళ్లేలోగా జరగవలసింది జరిగిపోయింది.

జరుగు అంటే పక్కకి తప్పుకో అని. జరిగింది అంటే అయిపోయింది అని. ఇంత పెద్ద భాషలో ఈ రెంటికీ వేరువేరు మాటలు పెట్టుకోవడానికి ఎవరికీ తీరిక లేకపోయిందా అని ఆవిడకి చాలా రోజులు కోపంగా ఉండేది.

ఎందుకు జరగమంది? అదొక్కటే ఆవిడని పట్టుకుంది. ఆఖరి ఊపిరి వేళ చేయి పట్టుకోమని అనలేదు, ఉండమని అనలేదు. జరగమంది.

మరిది, అంటే చిన్నదాని మొగుడు, లిఫ్టులు బాగుచేసే మనిషి. దేన్నైనా విప్పి చూస్తే తెలిసిపోతుందనుకుంటాడు. "అది దాని ఊతపదం వదినా" అన్నాడు. "రోజంతా బస్సులో జరగండి, ముందుకు జరగండి, లోపల బోలెడంత ఖాళీ ఉంది అని అరిచీ అరిచీ నిద్రలో కూడా అదే పాట. ఒకసారి నేను జరిగి జరిగి మంచం మీంచి కింద పడ్డాను. కింద నుంచి చూస్తే పైన సగం మంచం ఖాళీ."

అతను నవ్వించాలని చెప్పాడు. ఆవిడ నవ్వింది కూడా. కానీ ఆవిడకి తెలిసిన సమాధానం వేరే ఉంది, అది నవ్వొచ్చేది కాదు. చిన్నప్పుడు ఇద్దరికీ కలిపి ఒకటే మంచం, కిటికీని ఆనుకుని. పెద్దది ముందే వెళ్లి కిటికీ పక్క పడుకుంటే, చిన్నది వెనకే వచ్చి, "జరుగక్కా" అంటూ మోకాళ్లతో తొక్కుకుంటూ మీంచి దాటి ఆ చోటు లాక్కునేది. కిటికీ కావాల్సొచ్చింది దానికి, చివరికి కూడా. అడ్డంగా నేను కూర్చున్నాను. నన్ను గెంటేసి పోయింది. పెద్దది అలా తీర్మానించుకుని, ఆ తీర్మానం మీదే రోజూ పడుకునేది, రోజూ లేచేది.

చిన్నది పోయాక మొదటిసారి ఈతకొలనులో దిగిన రోజున, మొదటి ఊపిరికి తల కుడికి తిప్పింది. చిన్నది ఉంది.

అదే వంకర నోరు, అదే సగం మొహం. పెద్దది భయపడలేదు. పొద్దున్నే లేచి చూస్తే కిటికీ కిటికీ చోటే ఉన్నట్టుగా అనిపించిందంతే. నీళ్లలోంచి బయటికొస్తే ఎవరూ లేరు. దిగితే ఉంది. చిన్నదాని కూతురు స్కూలు పైతరగతుల్లో ఉంది. గొంతు అచ్చం తల్లిదే, ఎక్కడా తగ్గదు. ఒకరోజు గట్టు మీద కూర్చుని అడిగింది.

"పెద్దమ్మా, నీళ్లలో ఎవర్ని చూసి నవ్వుతావ్ నువ్వు?"

"నవ్వడమేంటే? నోరు తెరిస్తే నీకు నవ్వినట్టుందేమో."

"నాక్కూడా రెండు కళ్లున్నాయి. అద్దాలు కూడా నువ్వే పెట్టావ్, పవరు సరిగ్గానే ఉంది."

ఆ పిల్ల అప్పట్నుంచి కొలనుకి రావడం మానేసింది. 

షాపులో కూడా తేడా వచ్చింది. కళ్లజోళ్ల పనిలో కుడి ఎడమలు తలకిందులు. ఎదురుగా కూర్చున్న మనిషి కుడికన్ను మన ఎడమచేతి వైపుంటుంది. అద్దాలక్క చేతులు ఆ మార్పుని ఎన్నడూ ఆలోచించకుండానే చేసేసేవి. అలాంటిది, లెక్కల మాస్టారుగా చేసి దిగిపోయిన పెద్దాయన ఒకరు కొత్త కళ్లజోడు చేత్తో పట్టుకుని వచ్చాడు. "అమ్మా, ఇది పెట్టుకున్నప్పట్నుంచీ మా ఆవిడ ఇద్దరుగా కనిపిస్తోంది. ఉన్న ఒక్కదానితోనే గడగడలాడుతున్నాను. రెండో ఆవిణ్ని తీసేయ్ తల్లీ, నీకు పుణ్యముంటుంది" అన్నాడు. చూస్తే కుడికంటి అద్దం ఎడమకి బిగించింది. షాపు యజమాని ఒక గ్లాసు టీ తెచ్చి పక్కన పెట్టాడు. ఆవిడ అద్దాలు విప్పి మార్చి బిగిస్తూ, తనకిప్పుడు కుడి అంటే ఒకటే కుడి అని గ్రహించింది. ఎవరు ఎదురుగా కూర్చున్నా అది మారడం లేదు.

ఇంకొకటి కూడా గ్రహించింది. కొలనులో కనిపించే మొహం అరుగుతోంది. మొదట్లో కనుబొమ్మ మీది మచ్చ కూడా కనిపించేది. తర్వాత అది లేదు. తర్వాత కన్ను కొట్టడం లేదు. ఇప్పుడు ఈత అద్దాలూ, వంకర నోరూ, అంతే. ఎక్కువగా తుడిచిన కళ్లద్దంలా గీతలు పడి మసకబారిపోతోంది. మిగిలింది కూడా పోకముందే ఆ ఒక్క మాటా అడగాలి. ఎందుకు జరగమన్నావే?

రిజర్వాయరు దగ్గర ఏటా జరిగే చిన్న ట్రయథ్లానుకి అక్కచెల్లెళ్లిద్దరూ ఎప్పుడో పేర్లు ఇచ్చి ఉన్నారు. ముందు ఈత, ఆ తడి బట్టలతోనే సైకిలు, దిగి పరుగు. చిన్నది దానికి 'మూడు కష్టాల పందెం' అని పేరు పెట్టింది. అక్కడి నీళ్లలోనే ఇద్దరూ ఎక్కువగా ఈదింది. కొలనులో చెప్పనిది అక్కడ చెబుతుందేమోనని పెద్దదాని ఆశ.

పందెం రోజు తెల్లారడమే తడిసి తెల్లారింది. గాలి, సన్నని వాన, వేళ్ల చివర్లు కొరికే చలి. నీటి పైన ఆవిరి లేచి, లేచిన చోటే నిలబడిపోయింది. చాలామంది రాలేదు. వచ్చినవాళ్లు గొడుగుల కింద నల్లని రబ్బరు సూట్లలో బిక్కుబిక్కుమంటూ నిలబడ్డారు. సైకిళ్లు పెట్టిన చోట మరిది ఆవిడ సైకిలు సీటుకి ప్లాస్టిక్ సంచి తొడుగుతున్నాడు.

"వదినా, ఇప్పటికైనా మించిపోయింది లేదు. ఇంటికెళ్లి వేడివేడిగా ఏదైనా తాగుదాం. పందెం మనం గెలిచినట్టు నేనే వీధంతా చెప్పొస్తాను."

"నువ్వు చెబితే ఎవరు నమ్ముతారయ్యా?"

"లిఫ్టులో ఇరికించి చెబుతా, ఎందుకు నమ్మరు?"

కూతురు పసుపురంగు రెయిన్‌కోటులో దూరంగా నిలబడి ఉంది, మొహం ముడుచుకుని. రానంటే తండ్రి లాక్కొచ్చాడు. పెద్దది దగ్గరికెళ్లి, "చలిగా ఉంది, కారులో కూర్చోవే" అంది. పిల్ల నీళ్లకేసి చూస్తూ, "అమ్మ కూడా వస్తుందా?" అంది. వెక్కిరింతగా అందో, నిజంగానే అడిగిందో తెలియలేదు. పెద్దది రెండు ఈత టోపీలు పెట్టుకుంది. కిందది చిన్నదానిది. చలికని చెప్పింది, ఎవరూ అడక్కుండానే.

నీటి అంచున అందరూ వరసగా నిలబడ్డారు. ఇందాక చొక్కా మీద బ్యాంకు పేరుతో కనిపించిన లావుపాటాయన ఇప్పుడు రబ్బరు సూటులో కుక్కుకుని, ఆయాసపడుతూ వచ్చి ఆవిడ కుడిపక్కన నిలబడబోయాడు.

"ఇక్కడ మనిషుందండీ" అంది అద్దాలక్క.

బస్సులో సీటుకి రుమాలు వేసినంత మామూలుగా అంది. ఆయన, "అలాగా, సారీ అండీ" అని ఎడమకి వెళ్లాడు. వెళ్లాక ఒకసారి వెనక్కి తిరిగి ఆ ఖాళీ చోటుని చూశాడు.

ఈల వేశారు. నీళ్లు ముందు మెడ వెనక నుంచి దిగి, వెన్ను పొడుగునా ఒక చల్లని వేలితో గీత గీశాయి. ఊపిరి బిగుసుకుపోయింది. చేతులూ కాళ్లూ ఎవరివో తగిలి, నురగలు, అరుపులు. తర్వాత గుంపు పలచబడింది. దూరాన మలుపు గుర్తుగా కట్టిన నారింజరంగు గాలిబుడగ. అక్కడిదాకా ఒడ్డు వెంటే పోయి, దాన్ని చుట్టి వెనక్కి రావాలి. గాలి ఎడమ నుంచి, లోతు నీళ్ల మీంచి కొడుతోంది. అల వచ్చి తల వెనక తగులుతోంది. పెద్దది కుడికి తిరిగింది.

చిన్నది ఉంది.

ఎన్నాళ్లుగానో లేనంత స్పష్టంగా ఉంది. మచ్చతో సహా. ఆమె వెనక వాన, వాన వెనక ఎక్కడో ఒడ్డు. మునిగింది. తిరిగింది. ఉంది. వాళ్లిద్దరి చేతులూ ఒకే తూగులో పడ్డాయి. పెద్దది నీళ్లలో తల దించినప్పుడల్లా అడుగుతోంది, బుడగలు బుడగలుగా. ఎందుకే? ఎందుకు జరగమన్నావ్? తల తిప్పినప్పుడల్లా జవాబు కోసం చూస్తోంది. చిన్నది గాలి తాగుతుంది, మునుగుతుంది. చెప్పదు.

బుడగ దగ్గర మలుపు తిరిగారు. ఇప్పుడు వెనక్కి. గాలి ఇప్పుడు కుడి నుంచి.

పెద్దది కుడికి తిరిగి నోరు తెరిచింది. గాలికి బదులు ఒక అల వచ్చి నోరంతా నిండింది. దగ్గింది. మళ్లీ తిరిగింది. మళ్లీ అల, చెంప మీద కొట్టినట్టు. చిన్నదాని మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు నీటిగోడ లేచి, విరిగి, మళ్లీ లేస్తోంది. మొహం లేదు. చలికి ఛాతీ పిడికిలిలా మూసుకుంది. పడవలో ఉన్న కాపలామనిషి, "పడవ పట్టుకోండమ్మా, ఫరవాలేదు!" అని అరుస్తున్నాడు. ఎడమకి తల తిప్పితే గాలి దొరుకుతుందని ఆవిడకి తెలుసు. మాస్టారి గొంతు చెవిలోనే ఉంది. కానీ ఎడమకి తిరగడమంటే చిన్నదానికి వీపు చూపించడం. మళ్లీ కుడికే తిరిగింది. మళ్లీ తాగింది. చిన్నది ఎలా మునిగిందో ఇప్పుడు కొంచెం తెలిసింది.

ఇక్కడే, ఇవే నీళ్లలో, ఇలాంటి గాలిలోనే ఎన్నిసార్లు ఈదలేదు! ఒక్కరోజు కూడా ఇలా తాగలేదే.

ఎందుకు తాగలేదు?

వెనక్కి వచ్చేటప్పుడు చిన్నది దగ్గరికి జరిగేది. భుజం భుజానికి రాసుకునేంత దగ్గరికి. మోచేయి తగిలి విసుగొచ్చి, ఒడ్డెక్కాక పెద్దది తిట్టేది. "ఒరుసుకోకే బాబూ! ఇంత రిజర్వాయరుంది, నా మీదే పడతావేంటి?" చిన్నది పళ్లు టకటక కొట్టుకుంటుంటే, "చలేసిందిలే అక్కా" అనేది. వెళ్లేటప్పుడు దూరంగా ఉండేది. వచ్చేటప్పుడే, గాలి అటునుంచి కొట్టేటప్పుడే దగ్గరికొచ్చేది. ఈ అలలన్నీ దాని వీపు మీద విరిగేవి. పెద్దది తాగిన ప్రతి ఊపిరీ దాని చాటున తాగింది.

ఆ కిటికీ. చిన్నప్పటి మంచం పక్క కిటికీ. దానికి ఒక అద్దం పగిలిపోయి ఉండేది. వానొస్తే జల్లు లోపలికొచ్చేది. ఇన్నాళ్లుగా కిటికీ గుర్తుంది, చోటు కోసం పోట్లాట గుర్తుంది, అద్దాల పని చేసుకుని బతికే మనిషికి ఆ లేని అద్దం గుర్తులేదు. పొద్దున లేచేసరికి చిన్నదాని జుట్టు తడిగా ఉండేది. అమ్మ తుడుస్తూ తిట్టేది.

ఆస్పత్రి గదిలోనూ కిటికీ రెక్క సరిగ్గా మూసుకోలేదు. తన వీపు తడిసి ఉందని పెద్దదానికి ఆ రోజు ఇంటికెళ్లి బట్టలు మార్చుకునేటప్పుడుగానీ తెలియలేదు.

కొంచెం జరుగక్కా.

పెద్దది ఎడమకి తిరిగింది.

గాలి. ఇంత గాలి అటుపక్కే ఉంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ వైపు ఊపిరి తీసుకుంది. మెడ ఎలా తిప్పాలో తెలియక, నడక నేర్చే పిల్లలా తప్పటడుగులుగా తిప్పింది. వానలో ఒడ్డు కనిపించింది. ఒడ్డు వెంట పసుపురంగు రెయిన్‌కోటు ఒకటి ఆవిడతో సమానంగా నడుస్తోంది. ఆవిడ ఆగితే ఆగుతోంది. బురదలో జారి, లేచి, మళ్లీ పరిగెత్తి అందుకుంటోంది.

కుడివైపు ఇప్పుడు ఏముందో ఆవిడ చూడలేదు. అలలు మాత్రం తగ్గాయి. గాలి తగ్గలేదు, పడవ ఇంకా ఊగుతూనే ఉంది. ఆవిడ కుడిభుజానికి ఏదో రాసుకుంది. మళ్లీ రాసుకుంది, చేయి పడినప్పుడల్లా, అదే తూగులో.

ఒరుసుకో, అంది పెద్దది నీళ్లలో. ఒరుసుకోవే.

ఒడ్డెక్కాక మిగతా రెండు కష్టాలూ మిగిలే ఉన్నాయి. వేళ్లు కొయ్యబారి హెల్మెట్ బొత్తాం పడలేదు. పోటీదారులకి ఎవరూ సాయం చేయకూడదని నియమం. మరిది తాడు అవతల నిలబడి, సాయం చేయలేక, తన గడ్డం కింద తనే బొత్తాం పెట్టుకుంటున్నట్టు వేళ్లు ఆడిస్తున్నాడు. "నొక్కు వదినా, నొక్కు! టిక్కుమనాలి! లిఫ్టు తలుపులాగే!" చివరికి టిక్కుమంది. సైకిలు మీద వాన సూదుల్లా మొహాన గుచ్చింది. తడిసిన రోడ్డు మీద ఆవిడ చక్రాల చప్పుడు ఒకటి, దాని పక్కనే ఇంకో చక్రాల చప్పుడు. ప్రతిధ్వనేమో. గోడల్లేని రోడ్డు మీద కూడా వినిపించింది.

పరుగులో అందరికంటే వెనక మిగిలినవాళ్లలో ఆవిడా, ఆ బ్యాంకాయనా ఉన్నారు. ఆయన బుస్సుబుస్సుమంటూ వెనక నుంచి వచ్చి ఆవిడ కుడిపక్కకి రాబోయి, ఆగి, చుట్టూ తిరిగి ఎడమపక్కకి వచ్చాడు.

"అక్కడ మనిషున్నారు కదండీ" అన్నాడు, మర్యాదగా.

ఆవిడ ఆ వైపు చూడకుండానే, "ఉందండీ" అంది.

ఆయన కాసేపు పక్కనే పరిగెత్తి, ఊపిరి చాలక వెనకపడిపోయాడు.

గీత దాటాక ఎవరో భుజం మీద తువ్వాలు వేశారు. చప్పట్లు కొట్టడానికి ఆ వానలో ఎవరూ మిగల్లేదు, మరిది తప్ప. అతను ఒక్కడే ఊరంత గోల చేశాడు. పిల్ల మోకాళ్ల దాకా బురదతో వచ్చి ఎదురుగా నిలబడింది. పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఎడమకి ఎందుకు తిరిగావ్?" అంది. "ఎప్పుడూ అటే చూస్తావు కదా. ఇటెందుకు తిరిగావ్?"

"జరగమంది" అంది పెద్దది.

పిల్ల తువ్వాలు కొస పట్టుకుని ఆవిడ జుట్టు తుడవడం మొదలెట్టింది, గట్టిగా, కోపంగా. మరిది కారు తీసుకొస్తానని, తీసుకురావడానికి ఏమీ లేని దిక్కుకి వెళ్లి, మొహం తుడుచుకుని, తిరిగొచ్చాడు.

కారు వెనక సీట్లో పిల్ల ముందే ఎక్కి కుడిపక్క కిటికీ దగ్గర ముడుచుకుని కూర్చుంది. ఆ కిటికీ అద్దం ఎన్నాళ్లుగానో పూర్తిగా పైకి రాదు. పైన సందు మిగిలిపోతుంది. లిఫ్టులు బాగుచేసేవాడికి సొంత కారు అద్దం బాగుచేసుకునే తీరిక లేదని చిన్నది ఎత్తిపొడిచేది. ఆ సందులోంచి జల్లు లోపలికి పడి, పిల్ల రెయిన్‌కోటు భుజం మీద మెరుస్తోంది.

పెద్దది తలుపు తీసి నిలబడింది.

"కొంచెం జరుగు" అంది.

"అబ్బా, అటుపక్క నుంచి ఎక్కొచ్చు కదా పెద్దమ్మా!"

"జరగవే."

పిల్ల గొణుక్కుంటూ లోపలికి జరిగింది. పెద్దది కిటికీ పక్క కూర్చుని తలుపు వేసుకుంది. సీటు తడిగా ఉంది. పిల్లకి ఇంకా దగ్గరగా జరిగింది, భుజం భుజానికి తగిలేదాకా.

"ఒరుసుకుంటావేంటి? ఇంత సీటుంది!"

"చలేసిందిలే" అంది పెద్దది.

కారు ముందరి అద్దంలో మరిది కళ్లు ఒకసారి పైకి లేచి, మళ్లీ రోడ్డు మీదికి దిగాయి. కారు కదిలింది. వాన పెద్దదైంది. కిటికీ సందులోంచి జల్లు సూటిగా ఆవిడ కుడిభుజం మీద పడాలి. ఆవిడ కళ్లు మూసుకుని దాని కోసం ఎదురుచూసింది.

పడలేదు.